రెండో గొంతు పేరు

సూర్యాపేట
నవంబరు 9

కృపక్కా,

నంబర్ బ్లాక్ చేసినవ్. మా తమ్ముడు నరేందర్ ఫోన్ నుంచి చేస్తే దాన్ని గూడ బ్లాక్ చేసినవ్. ఇగ కాయితం ఒక్కటే మిగిలింది, దీన్ని ఎట్ల బ్లాక్ చేస్తవో సూస్త. నీ స్కూల్ అడ్రసుకు పంపుతున్న. స్టాఫ్‌రూంల నలుగురి ముందు చింపలేవు గదా.

మనం మాట్లాడక రెండేండ్లాయె. కోపం ఉంటే తర్వాత తీరువాటంగ తిట్టు, ముందు జర నా పని సూడు. ఫిబ్రవరి పదిహేను సేవాలాల్ జయంతికి సూర్యాపేటల పెద్ద స్టేజి ఏస్తున్నరు. గంట సేపు నేనొక్కదాన్నే పాడాలె. జానపద కచేరీలు పెట్టెటోళ్లు హైదరాబాద్ నుంచి వస్తున్నరట. వాళ్లకు నచ్చితే ఏడాది పొడుగూత నలభై ఊర్లు తిప్పుతరట. నలభై ఊర్లక్కా! ఇన్నేండ్లు పెండ్లిళ్లల్ల, అన్నం పెట్టంగనే మైకు గుంజుకునేటోళ్ల ముందు పాడిన. ఇదొక్కటి తగిలితే నా బతుకే మారుతది.

ఇగ అసలు సంగతి. మన కాలువ పాట పాడకుంటే జనం నన్ను స్టేజి దిగనియ్యరు. దానికి కింద రెండో గొంతు ఉండాలె. ఇంకో మనిషిని నిలవెడితే ఒక్కదాన్నే పాడిన అన్న మాట ఉండదు. మన పాట రికార్డు చేసిన కోదాడ సునీలన్న లేడా, ఆయన దుకాణంల మూడు డబ్బాలు సూపించిండు. హార్మనీ ప్రాసెసర్లట. మైకు వైరు వాటిల పెట్టి, కాలితోని బటన్ తొక్కితే మన గొంతుకే ఇంకో గొంతు కలిపి పాడుతయి. ఒకటేమో గిటార్‌కు కలపాలె, గిటార్‌ని బట్టి శ్రుతి పట్టుకుంటది. రెండోది మైకుల వినవడ్డదాన్ని బట్టి తనే కనుక్కుంటది. మూడోదాంట్ల అన్నీ మనమే చేతితోని పెట్టాలె, నాలుగు గొంతుల దాక వస్తయట.

ఏది తీసుకోవాలె? నాకు పై గొంతు తప్ప ఇంకేం తెల్వదు. నువ్వు చర్చిల చిన్నప్పటి సంది కింది గొంతు పాడినదానివి. నీకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది?

చాందీ


మిర్యాలగూడ
నవంబరు 17

చాందీ,

చింపుదామనే స్టాఫ్‌రూం బయటికి తీసుకెళ్లాను. నా చోట పెట్టుకోవడానికి ఏ డబ్బా బాగుంటుందని నన్నే అడిగావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఏం గుండెనే నీది! దాన్ని ఏ బండతో చేశాడో దేవుడు.

హుజూర్‌నగర్ హాస్టల్లో బట్టలు ఉతుక్కుంటూ ఇద్దరం కట్టిన పాట అది. ‘కాలువకు నీళ్లొచ్చె, కాళ్లకు గజ్జెలొచ్చె’ అన్న మాట నీది. దాని కింద నడిచే వరస నాది. ఎనిమిదేళ్లు పక్కపక్కన నిలబడి పాడాం. తీరా యూట్యూబులోకి ఎక్కేసరికి కింద ఒకటే పేరు: గానం, చాందీ. ముప్పై లక్షల మంది చూశారట. అందులో సగం నేనని ఒక్కరికి కూడా తెలియదు. స్కూల్ వార్షికోత్సవంలో మా పిల్లలు ఆ పాటకే డాన్సు చేస్తుంటే తెర పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ రోజు నా కడుపు ఎట్లా మండిందో నీకు చెప్పినా అర్థం కాదు.

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. నీ కచేరీ పాడైపోతే పాట కూడా పాడవుతుంది, ఆ పాట నాది కూడా.

గిటార్ డబ్బా నీకు దండగ. నీ పక్కన ఉండేది డప్పు, హార్మోనియం. అది ఎవరిని చూసి శ్రుతి పట్టుకోవాలి? రెండోది ఇంకా ప్రమాదం. స్టేజి వెనక జనరేటర్ మోగుతుంటే అది జనరేటర్‌తో శ్రుతి కలుపుతుంది. మూడోదే తీసుకో. నాలుగు గొంతులు ఉన్నాయి కదా అని నాలుగూ పెట్టకు, పెండ్లి బ్యాండు అవుతుంది. ఒక్కటే పెట్టు, నీ గొంతుకు కింద. నీ గొంతు కంటే తక్కువ సౌండులో ఉండాలి. పల్లవిలోనే తొక్కు, చరణంలో తీసెయ్. గొంతు మార్చే బటన్ ఒకటి ఉంటుంది, దాన్ని ముట్టుకోకు, మగాడు పాడినట్టు వస్తుంది. స్టేజి మీద నీ ముందు ఒక స్పీకర్ నీవైపు తిప్పి పెట్టించుకో. అది లేకపోతే డబ్బా ఏం పాడుతోందో నీకే వినబడదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. నా పేరు ఎవరు తీశారు?

కృపారాణి


సూర్యాపేట
డిసెంబరు 3

కృపక్కా,

తిట్లు అందినయి. తిట్టుకుంటనే పని చెప్పినవ్, నీ గుణమే అంత.

నువ్వు చెప్పినట్టే మూడో డబ్బా తెచ్చిన. సునీలన్న గిటార్ డబ్బా అంటగట్టాలని సూసిండు. “ఇది సింపుల్‌గా ఉంటుందమ్మా, నీకు ఇదే కరెక్టు” అన్నడు. నా తాన డప్పు తప్ప గిటార్ యాడిదన్నా అంటే దాన్ని పక్కకు జరిపి మూడోది తీసిచ్చిండు.

పేరు నేను తియ్యలేదక్కా. ఆ ఛానెలోళ్లే తీసిన్రు. ఒకటే పేరు పడుతది, జాగ లేదన్నరు. నేను కొట్లాడిన, వాళ్లు వినలే. నా మీద ఒట్టు.

ఇంకొక్కటి చెప్పు. ఈ డబ్బా శ్రుతి అడుగుతున్నది, ఇంగ్లీషు అక్షరాలల్ల. హార్మోనియం సారు చెప్పినట్టు నాది ఐదు శ్రుతి. ఒకటి A, రెండు B, మూడు C, నాలుగు D, ఐదు E అని వేళ్లు మడిచి లెక్కపెట్టి E మీద పెట్టిన. సరే గదా? ఇంట్ల చిన్న స్పీకర్‌ల పాడితే నాకేం తేడా తెలుస్తలేదు. నిజం చెప్పాల్నంటే ఇన్నేండ్లు నీ పక్కన నిలవడ్డ గానీ నీ గొంతు దిక్కు ఎన్నడు చెవి పెట్టలే. పెడితే నా రాగం తప్పుతదని భయం. అందుకని అడుగుతున్న. E యే గదా?

చాందీ


మిర్యాలగూడ
డిసెంబరు 12
(ఇది నీకు పంపను)

చాందీ,

నిన్న కోదాడ వెళ్లాను. మా చర్చి మైకు బాగు చేయించాలని చెప్పి సునీల్ దుకాణంలో కూర్చున్నాను. మాటల్లో మాటగా పేరు సంగతి అడిగాను. పాపం అతను దాచలేదు. “మీకు తెలుసనుకున్నానండీ. ఛానెల్ వాళ్లకేం పట్టింది? నేను రెండు పేర్లూ రాసే పంపాను. చాందీయే ఫోన్ చేసి, రెండు పేర్లు వేస్తే రేపు పిలిచేవాళ్లు ఇద్దర్నీ పిలవాల్సి వస్తుందన్నా, ఒకటే వేయించు అంది” అన్నాడు.

ఛానెల్ వాళ్లు తీశారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నువ్వు అడ్డుపడలేదన్నదే నా కోపం. అంతే! అడ్డుపడకపోవడం వేరు, నీ నోటితో తీసెయ్యమనడం వేరు. పైగా నీ మీద ఒట్టు పెట్టుకున్నావు. నీతో నేను అన్నం పంచుకున్నానే, జ్వరమొస్తే నీ తల నా ఒళ్లో పెట్టుకున్నానే.

విను. ఐదంటే E కాదు. మన ఒకటి శ్రుతి వాళ్లకు C. అక్కడి నుంచి లెక్కపెడితే మన ఐదు G అవుతుంది. A అంటే మన ఆరు. చర్చి కీబోర్డు దగ్గర నిలబడే ఏ పిల్లనడిగినా చెబుతుంది. నువ్వు E మీద పెట్టి పాడితే ఆ డబ్బా నీ రాగంలో లేని స్వరాలు పట్టుకుని నీ వెంటపడుతుంది. ఇంట్లో చిన్న స్పీకర్లో కొంచెం గరగరగా ఉంటుంది. మైదానంలో పెద్ద స్పీకర్లు పెడితే వినేవాళ్లకు పళ్లు జివ్వుమంటాయి.

ఒక్క అక్షరం రాస్తే నువ్వు బతికిపోతావు. రాయను. నా పేరులో నాలుగు అక్షరాలు ఉన్నాయి, అన్నీ కొట్టేయించావు. నీకు ఒక్క అక్షరం కూడా ఇవ్వను.


మిర్యాలగూడ
డిసెంబరు 12

చాందీ,

నీ ఉత్తరం చదివాక మనసు తేలికపడింది. ఛానెల్ వాళ్లే తీశారని తెలిసింది కదా, ఇక నీ మీద కోపమెందుకు?

E సరిగ్గానే పెట్టావు. మార్చకు. ఎవరేం చెప్పినా వినకు, స్టేజి మీద ఉచిత సలహాలు ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. బాగా సాధన చెయ్యి. చలిగా ఉంది, గొంతు జాగ్రత్త.

నీ కృపక్క


సూర్యాపేట
జనవరి 18

మా కృపక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్సిన తెలుసా? ‘నీ కృపక్క’ అని రాసినవ్. రెండేండ్ల సంది ఆ మాట కోసమే సూస్తున్న. మా సరళ వదిన “గా కాయితంల ఏముందే, అట్ల ఏడుస్తున్నవ్” అన్నది. నీకేం తెలుస్తది పో అన్న.

డబ్బా ఇప్పుడు నా కాలు చెప్పినట్టు వింటున్నది. పల్లవికి తొక్కుడు, చరణానికి ఇడుసుడు. ఒకటి రెండు తాన్ల అదో తీరుగ వస్తది గానీ, నువ్వు సరే అన్నవ్ గదా, ఇగ నాకేం రంది? స్పీకర్ మంచిది కాదేమో. సౌండాయనకు రెండో గొంతు గూడ గట్టిగ ఇయ్యమని చెప్పిన. హైదరాబాదోళ్లకు కూర్చున్న తాన్నుంచి లేవబుద్ధి గావద్దు.

నువ్వు రావాలె. ముందు వరసల కుర్చీ ఏపిస్త. పాట అయినంక నీ పేరు గూడ మైకుల చెప్తనేమో. సూద్దాం, అప్పటికి టైం ఉంటే.

ఇది పోతే మళ్ల పెండ్లిళ్లే గతి.

నీ చాందీ


మిర్యాలగూడ
జనవరి 26

చాందీ,

రాలేను. పదో తరగతికి స్పెషల్ క్లాసులు ఉన్నాయి.

టైం ఉంటే నా పేరు చెబుతావా! చాలా సంతోషం.

ఒక పని చెయ్యి. నీ గొంతు పూర్తిగా తగ్గించి, డబ్బా పాడే గొంతు ఒక్కదాన్నే విను. పావుగంట చాలు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యలేదన్నావు కదా, ఇప్పుడైనా రెండో గొంతు ఎట్లా ఉంటుందో విను. విన్నాక ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది. ఇంతకంటే నేను చెప్పను.

కృపారాణి


సూర్యాపేట
ఫిబ్రవరి 17

ఓ కృపారాణి టీచరమ్మా,

అక్కా అని రాయబుద్ధి అయితలేదు.

నువ్వు పావుగంట వినమన్నవ్. నాకు తీరలే. విన్నా తెలుస్తుండెనో లేదో. స్టేజి మీదనే విన్న. నాలుగు వేల మందితోని కలిసి విన్న.

మొదటి నాలుగు పాటలు డబ్బా తొక్కకుండ పాడిన. జనం ఈలలు, అరుపులు. మా తండా ఆడోళ్లు కుర్చీలు పక్కకు జరిపి ఆడుతున్నరు. ముందల హైదరాబాదోళ్లు ముగ్గురు తల ఊపుతున్నరు. ఇగ కాలువ పాట అందుకున్న. ‘కాలువకు నీళ్లొచ్చె’ అని డబ్బా మీద కాలు ఏసిన. అమ్మా! కుక్క తోక మీద కాలేసినట్టే అరిసింది. నా గొంతు ఒక దిక్కు, అది ఒక దిక్కు. ఆడేటోళ్లు ఆగిన్రు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నరు. నేను రాగం తప్పిన్నేమో అని నా గొంతు మార్సిన, అది ఇంకింత ఖరాబు అయింది. హైదరాబాదోళ్లల్ల ఒకాయన ఫోన్ సూసుకుంట లేసిండు, వెనక మిగిలిన ఇద్దరు.

పాట సగంల ఆపిన. హార్మోనియం సారు తన పెట్టె ఇడిసి ఉరికొచ్చి డబ్బా సూసి తల కొట్టుకున్నడు. “ఎవరు పెట్టిన్రే దీన్ని E మీద? ఐదు శ్రుతి అంటే G! ఏ పిచ్చోడు చెప్పిండు నీకు?” అన్నడు.

పిచ్చోడు కాదు సారూ అని మనసుల అనుకున్న, పిచ్చోడైతే నాకింత కోపం రాకపోతుండె. నువ్వు చర్చిల కీబోర్డు పక్కన పుట్టి పెరిగినదానివి. నీకు తెల్వక చెప్పినవంటే నా చెప్పు గూడ నమ్మదు.

నేనే తీపిచ్చిన నీ పేరు. నువ్వు కోదాడ వచ్చి అడిగిన సంగతి సునీలన్న నిన్న చెప్పిండు. అవును, ఆయనకు నేనే చెప్పిన. దొరికిన ఒక్క పేరు ఇద్దరం పంచుకుంటే ఇద్దరికీ చాలదనుకున్న. తప్పే. అబద్ధం చెప్పుడు ఇంకో తప్పు. దానికి నువ్వు నన్ను కొట్టు, పది మందిల తిట్టు. నా నోటికాడి కూడు తీస్తవా? తియ్యగ ‘నీ కృపక్క’ అని సంతకం పెట్టి మరీ తీస్తవా?

అప్పుడు నేనేం చేసిన్నో ఇను. G పెడితే పాట బాగయితుండె. సారు పెట్టవోతుంటే చెయ్యి పట్టుకుని ఆపిన. అప్పటికే వాళ్లు కారు ఎక్కిన్రు, ఇగ బాగు చేసి ఎవరికి వినిపియ్యాలె? మైకు పట్టుకుని అందరికి చెప్పిన. “అక్కలారా అన్నలారా, ఈ పాటల రెండో గొంతు ఎవరిదో మీకు ఎన్నడు చెప్పలే. ఆమె పేరు కృపారాణి. మిర్యాలగూడల టీచరు. ఆమె గొంతు ఎట్లుంటదో ఇప్పుడు మంచిగ వినున్రి!” అని మళ్లా డబ్బా మీద కాలేసి పల్లవి మొత్తం పాడిన. E మీదనే. జనం నవ్వి నవ్వి సచ్చిన్రు. వందల ఫోన్లు లేసినయి.

పేరు కావాలె, పేరు కావాలె అన్నవ్ గదా. ఏసిన. వాట్సాప్‌ల సూస్కో.

చాందీ


మిర్యాలగూడ
మార్చి 4

చాందీ,

చూశాను. అందరూ చూశారు. స్టాఫ్‌రూంలో సుగుణ టీచర్ ఫోన్ నా ముందు పెట్టి, “ఇది మీరేనా టీచర్?” అని అడిగింది. ఎనిమిదో తరగతి పిల్లలు నేను బోర్డు వైపు తిరగ్గానే ఆ డబ్బాలాగే అరుస్తున్నారు. ఆదివారం చర్చిలో కింది గొంతు అందుకుంటే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల ఎత్తలేకపోయాను. బాగా కొట్టావు. నేను నేర్పిన దెబ్బే, నాకంటే బాగా కొట్టావు.

E అని రాసింది తెలిసే రాశాను. నీకు జరిగినదానికి నాకు బాధ లేదు. పాటకు జరిగినదానికి ఉంది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అదీ చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను, నువ్వూ అడగలేదు కదా.

ఇప్పుడు జరిగింది విను. మొన్న సునీల్ దగ్గర నా నంబర్ తీసుకుని హైదరాబాద్ వాళ్లు ఫోన్ చేశారు. చరిత అని ఒకామె మాట్లాడింది. ఆ వీడియోలో పేరు విని, అసలు పాట వెతికి మళ్లీ విన్నారట. “మేడమ్, మేం ఆ పాటలో ఇన్నాళ్లూ ఇష్టపడింది ఆ కింది వరసనే. ఆమె ఒక్కతే అంటే మాకొద్దు, మీరొక్కరే అన్నా వద్దు. ఇద్దరూ వస్తేనే నలభై ఊర్లు. ఆ మిషన్ మాత్రం తేవద్దు” అంది.

వద్దని చెప్పాలనుకున్నాను. ఒక్క మాటతో నీ నలభై ఊర్లు మట్టిలో కలిసిపోయేవి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కానీ వద్దంటే నువ్వు నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతావు. నాకది చాలదు.

అందుకే ఒప్పుకున్నాను. నీ తరఫున కూడా ఒప్పుకున్నాను. నువ్వు కాదనవని తెలుసు, పెండ్లిళ్లకు మళ్లీ పోలేవు నువ్వు.

నా షరతు చరితకు చెప్పాను, ఆమె కాగితం మీద రాసి పంపింది, ఇందులో పెడుతున్నాను. చూసుకుని సంతకం పెట్టు. ప్రతి ఊర్లో, కాలువ పాటకు ముందు, మైకు నువ్వే పట్టుకోవాలి. ‘ఈ పాటలో సగం కృపారాణిది. ఆమె పేరు తీసేయించింది నేనే’ అని చెప్పాలి. జోకులు వెయ్యకూడదు, నవ్వకూడదు. చెప్పాక నా వైపు తిరిగి నేను తల ఊపేదాకా ఆగాలి. అప్పుడే నేను అందుకుంటాను. నలభై ఊర్లలో ఒక్క ఊర్లో ఆ మాట మింగినా, ఆ ఊర్లో నీ పల్లవి కింద గొంతు ఉండదు. ఒక్కదానివే పాడుకో.

నేను కూడా ఒక మాట చెప్పాల్సి ఉంటుందేమో, E సంగతి. నువ్వు అడిగితే చెబుతాను. నలభయ్యో ఊరు అయ్యాక అడుగు.

మొదటి కచేరీ దామరచర్లలో, ఈ నెల ఇరవై రెండున. అది మా అమ్మ పుట్టిల్లు. ముందు వరసలో కూర్చుంటానంది. ఆమెకు ఎడమ చెవి వినపడదు, కుడి చెవి కూడా అంతంతే.

గట్టిగా చెప్పు.

కృపారాణి